నింద పడ్డ మనిషి పాత్ర: తీర్పు ముందే తెలిసినట్టు నటించకండి

ప్రశ్న, కావలి నుంచి ఒక రంగస్థల నటి: "చాలా ఏళ్లుగా పరిషత్తు నాటకాలు ఆడుతున్నాను. ఇప్పుడు ఒక టీవీ డాక్యుమెంటరీలో వేషం వచ్చింది. నెల్లూరులో ఇళ్లలో పనిచేసే ఒకామె మీద బంగారం దొంగతనం నింద పడింది. కొన్నేళ్లు కోర్టు చుట్టూ తిరిగాక కేసు కొట్టేశారు. ఆమె ఇంటర్వ్యూ ఉంటుందట, మధ్యమధ్యలో జరిగిన సంగతులు నాతో తీస్తారట. మాటలు తక్కువ అంటున్నారు. ఎలా సిద్ధం కావాలి? ఆమెను కలవాలా? రేపు నా మీదికి కేసులేమైనా వస్తాయా? మా పాపనే ఆమె కూతురిగా పెడదామంటున్నారు, పెట్టొచ్చా? అగ్రిమెంటులో ఏం చూసుకోవాలి?"

సమాధానం:

అమ్మా, ముందు వేషం సంగతి చెప్పి తర్వాత కాగితాల సంగతికి వస్తాను. అయితే ఇలాంటి పనిలో రెండింటినీ విడదీయలేం. కేసు కాగితాలు చదవకుండా ఈ వేషం కట్టడం కుదరదు.

మంచి నటులు కూడా ఈ పాత్రలో జారిపడే చోటు ఒకటుంది. చివరికి ఆమె నిర్దోషి అని మనకు తెలుసు. ఆ తెలిసిన సంగతి మొదటి సీనులోనే మొహంలోకి వచ్చేస్తుంది. కళ్లలో నీళ్లు, వణికే పెదవి, నాకే పాపం తెలియదన్న చూపు అన్నీ ముందే దిగిపోతాయి. ఆ రోజు పొద్దున ఆమెకు కేసు గురించి తెలియదు, వాయిదాల గురించి తెలియదు, తీర్పు సంగతి అసలే తెలియదు. తెలిసిందల్లా ఆ ఇంటామె గొలుసు కనపడటం లేదన్నదొక్కటే. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? తామూ కలిసి వెతుకుతారు. మంచం కింద చూస్తారు, నానేసిన బట్టలు జాడించి చూస్తారు, "నిన్న తలకు పోసుకునేటప్పుడు తీసి పెట్టారేమో అమ్మా" అని గుర్తు చేస్తారు. రేపు స్టేషన్లో "తీసి యాడ పెడతారో నీకెట్టా తెలుసు?" అని ఎదురు ప్రశ్న వచ్చేది అలాంటి మాట మీదే. సాయం చేద్దామని అన్న మాట తన మెడకే చుట్టుకోవడం తప్పుడు నిందలో అన్నిటికంటే భయంకరమైన భాగం. మీరు మొదటి నుంచే దీనంగా కనిపిస్తే చూసేవాళ్లకు ఆ మలుపు అందదు.

అందుకని స్క్రిప్టు చేతికి రాగానే ఒక నోటుబుక్కులో ప్రతి సీనుకూ ఒక పేజీ పెట్టి, మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ఈ క్షణానికి ఆమెకు తెలిసినవి, కుడివైపు ఇంకా తెలియనివి రాయండి. షాటుకు ముందు ఎడమవైపు మాత్రమే చదువుకోండి. కుడివైపు ఉన్నది ఏదీ మీ మొహంలోకి రాకూడదు. రిమాండు సీను నాటికి కూడా ఆమె మనసులో ఉండేది న్యాయం, అన్యాయం లాంటి పెద్ద మాటలు కాకపోవచ్చు. స్కూలు వదిలే టైమైంది, పాపను ఎవరు తీసుకొస్తారు, పొద్దున పొయ్యి ఆపానా లేదా, మిగతా రెండిళ్ల వాళ్లకు రాలేనని ఎవరు చెబుతారు, ఇలాంటివే ఉంటాయి. వాటిని పట్టుకుంటే పాత్ర దానంతట అదే నిలబడుతుంది.

నిందపడ్డ మనిషి ఎలా ఉండాలో లోకం ముందే ఒక బొమ్మ గీసి పెట్టుకుంటుంది. దానికి నిలువెత్తు ఉదాహరణ ఆస్ట్రేలియాలో లిండీ చాంబర్లెయిన్ కేసు. 1980 ఆగస్టు 17 రాత్రి ఉలూరు కొండ దగ్గరి డేరాలోంచి ఆమె పసిబిడ్డను డింగో అనే అడవికుక్క ఎత్తుకుపోయింది. టీవీలో ఆమె ఏడవకుండా, నిబ్బరంగా మాట్లాడటం చూసి బిడ్డ పోయిన తల్లి ఇలా ఉంటుందా అని జనం అనుమానించారు. కారులో దొరికిన మరకలు పసిబిడ్డ నెత్తురన్నారు. అది కారులో శబ్దం రాకుండా కొట్టే పూత అని తర్వాత బయటపడింది. 1982లో ఆమెకు యావజ్జీవం పడింది. 1986లో బిడ్డ తొడుక్కున్న జాకెట్టు దొరికాక విడుదల చేశారు, 1988లో శిక్ష రద్దయింది. బిడ్డ చావుకు డింగోయే కారణమని అధికారికంగా రాసింది మాత్రం 2012లో. ఈ కేసు మీకెందుకు చెబుతున్నానంటే, దర్శకుడు "ఇంకాస్త ఏడవండమ్మా, జాలి రావాలి" అన్నప్పుడు మీ దగ్గర జవాబు ఉండాలి. ఏడిస్తేనే నిర్దోషి అని మనమూ తెర మీద చూపిస్తే, రేపు ఏడవని ఇంకో ఆడమనిషిని అనుమానించడం జనానికి మనమే నేర్పినట్టవుతుంది. మీరు కలిసే మనిషి నిజంగా ఏడ్చిందా, బిగుసుకుపోయిందా, కోపంగా తిరగబడిందా కనుక్కుని అదే చేయండి.

నింద వేసినామె పాత్ర కట్టేవారికీ ఇదే వర్తిస్తుంది. ఆమె నటించేది అబద్ధం కాదు, నమ్మకం. ఇళ్లలో బంగారం పోయినప్పుడు పనామె మీదికి అనుమానం పోవడం చాలాసార్లు కుట్ర వల్ల జరగదు. ఆ ఇంట్లోకి వచ్చిపోయేవాళ్లలో నిందిస్తే ఎదురు చెప్పలేని మనిషి ఆమే కాబట్టి జరుగుతుంది. కావాలని పెట్టిన అబద్ధపు కేసు అని కోర్టు అంటే తప్ప, ఆ పాత్రను దొంగచూపులతో, పక్కనవ్వులతో తీయడం తప్పు. చట్టరీత్యా ప్రమాదం కూడా, ఎందుకో కింద చెబుతాను.

ఇప్పుడు కాగితాలు. నిర్మాణ సంస్థను ఎఫ్‌ఐఆర్, రిమాండు రిపోర్టు, మధ్యవర్తుల రిపోర్టు, అంటే పంచనామా, చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, తీర్పు నకళ్లు అడగండి. మా దగ్గర లేవన్నారంటే వాళ్లు వినికిడి మీద స్క్రిప్టు రాశారన్నమాట. అలాంటి చోట ఒప్పుకునే ముందు ఆలోచించండి. నెంబరు తెలిస్తే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో ప్రతి కేసుకూ కేటాయించే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నెంబరుతో కేసు ఏయే తేదీన ఎక్కడిదాకా వచ్చిందో ఎవరైనా చూడొచ్చు. మిగతా కాగితాలకు ఆ కోర్టులో కాపీ అప్లికేషన్ వేయాలి. అది ఆమె తరఫు వకీలు చేస్తే తేలిక.

అన్నిటికంటే ముందు తీర్పు ఆఖరి పేజీ చదవండి. "అనుమానం మేరకు లబ్ధి ఇచ్చి విడుదల చేస్తున్నాం" అని ఉందా, లేక ఫిర్యాదే అబద్ధమని కోర్టు అందా? ఈ రెండింటికీ చాలా దూరం ఉంది. మొదటిదైతే డాక్యుమెంటరీ చెప్పగలిగేది "నేరం రుజువు కాలేదు, కోర్టు విడుదల చేసింది" అన్నంతవరకే. ఫిర్యాదు చేసినామెను అబద్ధాలకోరుగా చూపిస్తే ఆమె పరువునష్టం దావా వేయొచ్చు. క్రిమినల్ పరువునష్టం పాత నేర చట్టం ఐపీసీలో 499, 500 సెక్షన్లు, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356. కోర్టు దాకా పోకుండా పోలీసులే మూసేసిన కేసుల్లోనూ ఇలాంటి తేడాలున్నాయి. ఫాల్స్ అని, అంటే ఫిర్యాదే అబద్ధమని రాసి మూసేశారా, మిస్టేక్ ఆఫ్ ఫాక్ట్, అంటే పొరపాటు పడ్డారని అన్నారా, సాక్ష్యం చాలలేదన్నారా చూసుకోవాలి. అబద్ధపు నేరారోపణకు వేరే సెక్షనే ఉంది, పాతది 211, కొత్తది 248. దాని కింద ఫిర్యాదిదారు మీద చర్యేమీ జరగనప్పుడు మన స్క్రిప్టు ఆమెకు శిక్ష వేయకూడదు.

మచ్చ పూర్తిగా తుడిచిపెట్టిన కేసులూ ఉన్నాయి. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను 1994లో గూఢచర్యం కేసులో అరెస్టు చేశారు. ఆరోపణల్లో నిజం లేదని సీబీఐ 1996లో నివేదిక ఇచ్చింది, సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 14న 50 లక్షల పరిహారం ఇమ్మంది. అలాంటి తీర్పు చేతిలో ఉంటే తప్పుడు కేసు అని గట్టిగా చెప్పొచ్చు. మీ కేసులో ఏముందో చూసుకుని ఆ మేరకే మాట వాడమనండి.

తేదీ కూడా చూడండి. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరమైతే ఐపీసీ సెక్షన్లు, తర్వాతదైతే న్యాయ సంహిత సెక్షన్లు. ఇంట్లో పనిచేసేవాళ్ల దొంగతనం పాత చట్టంలో 381, కొత్తదాంట్లో 306. 2019లో జరిగిన కథలో ఎస్ఐ పాత్రధారి నోట కొత్త సెక్షను పలికిస్తే కోర్టు సంగతులు తెలిసినవాళ్లు అక్కడే నమ్మడం మానేస్తారు.

పోలీసు సీన్లలో దర్శకులు సినిమాల్లోంచి ఎత్తుకొచ్చేవి కొన్ని ఉంటాయి, అవి మీరే ఆపాలి. అర్ధరాత్రి జీపులో ఆడమనిషిని లాక్కెళ్లడం వాటిలో మొదటిది. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదని చట్టం. తప్పనిసరైతే మహిళా అధికారి మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకుని చేయాలి. అరెస్టు మెమోలో టైము ఉంటుంది, దాన్ని బట్టి తీయమనండి. రెండోది సంకెళ్లు. మామూలుగా వేయకూడదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో చాలాసార్లు ముందు నోటీసు ఇచ్చి పిలుస్తారు, పాత సీఆర్‌పీసీలో, అంటే నేర విచారణ పద్ధతి చట్టంలో, దాన్నే 41ఏ నోటీసు అనేవారు. అసలు కేసులో నోటీసు ఇచ్చి ఉంటే తెర మీద అరెస్టు చూపించడం అబద్ధమే. సోదా చేసేది ఆడ పోలీసే అయ్యుండాలి. సాక్షి వాంగ్మూలం మీద సంతకం చేయించే షాటు పెడుతుంటారు. దర్యాప్తులో సాక్షి పోలీసులకు చెప్పే వాంగ్మూలం మీద, పాత సీఆర్‌పీసీలో 161 వాంగ్మూలం అనేదాని మీద, సంతకం తీసుకోకూడదు. అరెస్టు మెమో మీద మాత్రం అరెస్టయిన మనిషి సంతకం, ఒక సాక్షి సంతకం ఉంటాయి. అయితే నిజంగా ఆమెను రాత్రిపూటే తీసుకెళ్లారు, మగవాళ్లే చేయి చేసుకున్నారు అని ఆమె చెబుతుంటే దాచాల్సిన పనిలేదు. ఆమె గొంతు మీదే ఆ దృశ్యం నడవాలి, వ్యాఖ్యాత గొంతు మీద కాదు. ఆమె చెప్పింది ఆమె మాటగా ఉంటుంది, మనం కల్పించినట్టు కనపడదు.

పోలీసుల ముందు ఒప్పుకున్న సీను ఉంటే ప్రత్యేకంగా జాగ్రత్తపడండి. పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. అయినా చూసేవాళ్లు "ఒప్పుకుందిగా" అనుకుంటారు. ఆ షాటులో మీరు చేయాల్సింది నేరం ఒప్పుకోవడం కాదు. ఇంటికి పోనిస్తారన్న ఆశతో, అలసటతో తలూపడం. ఎదుటివాళ్లు అడుగుతున్న ప్రశ్న ఏమిటో అర్థం కాకముందే తల కదిలిపోవాలి. కళ్లు తలుపు వైపు ఉండాలి.

ఇక ఆమె మాటల సంగతి. స్క్రిప్టులో మీకు రెండు మూడు డైలాగులు కేసు కాగితాల్లోంచే తీసి ఇస్తారు. చాలామంది గమనించని ఇబ్బంది ఇక్కడుంది. పోలీసు కాగితంలో ఉండే తెలుగు ఆమెది కాదు. "నేను పై చిరునామాలో నా భర్త, పిల్లలతో కాపురముంటూ కూలి పనులు చేసుకుని జీవనం సాగించుచున్నాను" అని రాసేది స్టేషన్ రైటరు. ఆ వాక్యాన్ని మీ నోట ఆమె మాటగా పలికితే ఎంత బాగా నటించినా అతకదు. దాన్ని కాగితంగానే వాడమనండి. తెర మీద కాగితం కనపడుతూ, కానిస్టేబుల్ పాత్రధారి చదువుతుంటే, మీరు వింటూ ఉండటం మంచి షాటు. తన బతుకు ఆ భాషలోకి మారిపోతుంటే వింటున్న మనిషి మొహం ఎలా ఉంటుందో మీరు చూపించగలరు.

రికార్డులో ఆమె సొంతంగా కోర్టుకు చెప్పిన మాట దొరికేది పాత సీఆర్‌పీసీ 313 పరీక్ష దగ్గర. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో అది 351. సాక్షులందరూ అయ్యాక జడ్జిగారు ఒక్కో సాక్షి ఆమెకు వ్యతిరేకంగా చెప్పింది వినిపించి "దీనికి ఏమంటారు?" అని అడుగుతారు. ముద్దాయి చేత ప్రమాణం చేయించరు. కాగితం తీసి చూస్తే జవాబులు చాలామటుకు ఒకే మాటలో ఉంటాయి: "అబద్ధం". కింద ఇంకోసారి, "అబద్ధం". నాలుగైదు ప్రశ్నలకూ అదే. దర్శకులు ఈ సీనును వదిలేస్తారు, డ్రామా లేదని. నా దృష్టిలో మొత్తం డాక్యుమెంటరీలో నటికి దొరికే గొప్ప అవకాశం ఇదే, అడిగి పెట్టించుకోండి. ప్రతి "అబద్ధం"లో గొంతు పెంచుకుంటూ పోకండి, అది పరిషత్తు పద్ధతి. ప్రశ్న ఎవరి సాక్ష్యం గురించో ఆ మనిషిని మనసులోకి తెచ్చుకోండి. ఇంటామె చెప్పిన దానికి అన్న "అబద్ధం" వేరు, ఆమె పేరు కూడా తెలియని పంచనామా సాక్షి చెప్పిన దానికి వేరు, రోజూ పక్కన కూర్చుని కూరగాయలు తరిగిన వంటామె చెప్పిన దానికి ఇంకా వేరు. చివరిది బయటికి రావడానికి టైము పడుతుంది. జడ్జి వైపు చూసి చెప్పాలి, కెమెరా వైపు కాదు. బోనులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని ఇబ్బంది ముద్దాయిల్లో తరచూ కనపడుతుంది. మీరు ఒకటి ఎంచుకుని సీనంతా దానికే కట్టుబడండి.

కోర్టు హాల్లో ఎలా ఉంటుందో చూడకుండా ఈ సీను చేయకండి. నెల్లూరులోగానీ కావలిలోగానీ మేజిస్ట్రేటు కోర్టుకు ఒక పూట వెళ్లి వెనక కూర్చోండి. మామూలు విచారణ ఎవరైనా చూడొచ్చు. ఫోను ఆపేయాలి, ఫొటోలు తీయకూడదు. బంట్రోతు బయటికొచ్చి పేరు మూడుసార్లు పిలవడం, ముద్దాయిలు చెప్పులు సర్దుకుంటూ పరుగున రావడం, ఒక్క నిమిషంలో వాయిదా పడి తేదీ రాసుకుని వెళ్లిపోవడం చూడండి. చాలా కేసుల్లో ఆ ఒక్కో నిమిషంలోనే ఏళ్లు గడిచిపోతాయి. వయసు చూపించడానికి తలకు తెల్లరంగు పూయడం కంటే, మొదటి వాయిదాకు పరుగెత్తిన మనిషి ఆఖరి వాయిదాకు పిలుపు వినీ నిదానంగా లేవడం బాగా చెబుతుంది.

మాటలు తక్కువన్నారు కదా, అంటే ఎక్కువ భాగం వ్యాఖ్యానం కింద నడిచే మౌనపు షాట్లు. వీటిని నెమ్మది కదలికగా తీసే అలవాటుంది. మన టీవీకి సెకనుకు 25 ఫ్రేములు. 50లో తీస్తే మీ కదలిక సగం వేగంలో కనపడుతుంది, నాలుగు సెకన్ల పని ఎనిమిది అవుతుంది. 100లో తీస్తే పదహారు. షాటుకు ముందు ఎంతలో తీస్తున్నారో కెమెరామన్‌ను అడగండి. స్లో అని మీరూ నెమ్మదిగా చేస్తే తెర మీద పూనకం వచ్చినట్టుంటుంది. మామూలు వేగంతోనే చేయండి, కళ్లు ఆర్పడం మాత్రం తగ్గించండి.

నెల్లూరు పురమందిరంలో ఆఖరి వరుస దాకా వినపడాలని తయారు చేసుకున్న గొంతును, చేతి ఊపును కెమెరా ముందు బాగా కుదించాలి. ఫోనును ఛాతీ ఎత్తులో, అయిదడుగుల దూరంలో పెట్టి, అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ తీసుకుని చూసుకోండి. అంట్లు తోమడం, గచ్చు తుడవడం చూసేవాళ్లకు బాగా తెలిసిన పనులు. మోకాళ్ల మీద కూర్చున్న తీరు కొత్తగా ఉంటే ఇట్టే తెలుస్తుంది. పని చేసే చేతులు ఆగే క్షణాన్ని ఒక్కచోటే పెట్టుకోండి. నింద చెవిన పడ్డప్పుడు చేతులు ఆగి, మళ్లీ మొదలవ్వాలి. ఆ మళ్లీ మొదలవ్వడమే ముఖ్యం, ఎందుకంటే పని ఆపే హక్కు ఆమెకు లేదు.

కన్నీళ్లు కావాల్సిన షాటులో గ్లిజరిన్ కంట్లో వేయించుకోకండి. కంటి కింద చర్మం మీద చుక్క పెడితే చాలు. చెమటకు గ్లిజరిన్, నీళ్లు సమపాళ్లలో కలిపి స్ప్రే చేస్తారు. మన వైపు ఎండల్లో లోపలి షాట్లకు అది అక్కర్లేదు. సౌండ్ కోసం ఫ్యాన్లు ఆపేస్తారు, పది నిమిషాల్లో చెమట అదే వస్తుంది. అయితే ఒక షాటులో తడి, ఇంకో షాటులో పొడి రాకుండా ప్రతి టేకు చివర ఫొటో తీయించండి. అలాగే ఆ సంఘటన ఏ నెలలో జరిగిందో చూడండి. నెల్లూరులో వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కార్తీకమాసంలో జరిగిన అరెస్టును రోహిణి కార్తెలో తీస్తే వీధి, వెలుతురు, మనుషుల బట్టలు అన్నీ పట్టిచ్చేస్తాయి. బయటి షాట్లు కుదించి లోపలే తీయమనండి.

యాస మీకు పుట్టుకతో ఉన్నదే, దాన్ని మార్చనీయకండి. హైదరాబాద్ నుంచి వచ్చిన యూనిట్లు నెల్లూరు అనగానే ప్రతి మాటకీ "ఏందబ్బా" తగిలిస్తారు, లేకపోతే సీమ యాస పెట్టమంటారు. ఇంటర్వ్యూలో అసలు మనిషి గొంతు పక్కనే వినపడుతుంది కాబట్టి తేడా వెంటనే దొరుకుతుంది. డబ్బింగ్ మీరే చెబుతారని అగ్రిమెంటులో రాయించండి.

ఆమెను కలవాలా అంటే, ఆమె ఇష్టపడితే తప్పకుండా కలవండి. ఒక్కరే, లేదా ఒక ఆడమనిషి తోడుతో, ఆమె చెప్పిన చోటుకు వెళ్లండి. యూనిట్ వ్యానుతో ఆమె వీధిలోకి పోవద్దు. మర్చిపోయిన ఇరుగుపొరుగు మళ్లీ గుసగుసలు మొదలుపెడతారు. ఎలా అనిపించిందని అడగకండి. ఆ రోజు ఏ చీర కట్టుకున్నారు, చేతిలో ఏముంది, స్టేషన్లో ఎక్కడ కూర్చోబెట్టారు, మంచినీళ్లు ఎవరిచ్చారు, చెప్పులు ఎక్కడ విడిచారు అని అడగండి. చేతికి తగిలే వస్తువుల నుంచి మిగతాది ఆమే చెబుతుంది, చెప్పకపోతే వదిలేయండి. అడగకుండా రికార్డు చేయొద్దు. సినిమా చూశాక ఊరంతా నమ్ముతుందని మాటివ్వొద్దు. స్టేషన్ సీను తీసే రోజు ఆమెను లొకేషన్‌కు పిలవకుండా చూడండి. ఆమె నడకనూ మాటతీరునూ అనుకరించే ప్రయత్నం చేయకండి. అసలు మనిషి తెర మీదే ఉండగా అనుకరణ ఆమెకు ఎగతాళిలా తోస్తుంది.

కోర్టు రికార్డులో ఉన్నంతవరకు ప్రచురించడానికి, చూపించడానికి అనుమతి అక్కర్లేదని 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రికార్డు దాటి ఆమె సంసారం, మొగుడు వదిలేయడం లాంటివి తీయాలంటే ఆమె రాతపూర్వక ఒప్పుదల ఉండాలి. ఉందో లేదో మీరూ అడగండి.

ఒంటి సోదా సీను స్క్రిప్టులో ఉంటే, ఎంతవరకు చూపిస్తారో షూటింగుకు ముందే రాతలో తీసుకోండి. ఆ సమయంలో గదిలో ఆడవాళ్లే ఉండాలి, మానిటరు బయట ఎవరికీ కనపడకూడదు. మూసిన తలుపు మీద షాటు పెట్టి లోపలి మాట వినిపిస్తే చాలని దర్శకుడికి చెప్పి చూడండి, ఎక్కువమంది ఒప్పుకుంటారు. చెంపదెబ్బలు నిజంగా కొట్టించుకోవద్దు. కెమెరాను కొట్టేవాళ్ల భుజం వెనక పెడితే చేయి మీ మొహానికి జానెడు దూరంలో పోయినా తగిలినట్టే ఉంటుంది.

మీ పాప సంగతి. బాలనటులతో తీయాలంటే నిర్మాత జిల్లా కలెక్టరు దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. రోజుకు అయిదు గంటలు మించకూడదు, మూడు గంటలు దాటి విరామం లేకుండా చేయించకూడదు. పాప సంపాదనలో కనీసం 20 శాతం ఆమె పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. ఇవన్నీ చేసినా, తల్లిని పోలీసులు తీసుకెళ్లే షాటులో మీ సొంత పాపను పెట్టొద్దనే నా సలహా. ఏడిపించడం తేలికవుతుందనే వాళ్లు అడుగుతున్నారు. పాపను ఒక రోజు, మిమ్మల్ని ఇంకో రోజు విడివిడిగా తీసి కలపొచ్చు.

ఆఖరుగా అగ్రిమెంటు. డబ్బు, తేదీలు, ప్రయాణం, బస అందరూ చూసుకునేవే. మీకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను, అంటే టీడీఎస్, మామూలుగా 10 శాతం, రిటర్ను వేస్తే మీకు పన్ను పడకపోతే తిరిగొస్తుంది. మీరు పట్టుబట్టాల్సినవి వేరే ఉన్నాయి. మీరు కనపడే ప్రతి దృశ్యం మీదా, మొదట్లో ఒక్కసారి కాకుండా దృశ్యం నడిచినంతసేపూ, "నటులతో చిత్రీకరించిన దృశ్యం" అన్న అక్షరాలు ఉండాలని రాయించండి. మీ మొహం పక్కన కేసు నెంబరుగానీ, "దొంగ", "నిందితురాలు" అన్న మాటగానీ పెట్టి పోస్టరు, యూట్యూబ్ థంబ్‌నెయిల్ చేయకూడదని రాయించండి. ఆ ఛానల్ మీ దృశ్యాలను వేరే నేరవార్తల్లో ఫైల్ విజువల్స్‌గా వాడకూడదని కూడా. ఇది పట్టించుకోకపోతే, ఎక్కడో జరిగిన ఇంకో దొంగతనం వార్త కింద మీ మొహం తిరుగుతుంది, చుట్టాలు ఫోను చేస్తారు. స్క్రిప్టులోని ఆరోపణల బాధ్యత నిర్మాతదేనని, పరువునష్టం కేసు వస్తే మీ ఖర్చులు వాళ్లే భరిస్తారని ఒక క్లాజు ఉండాలి. దాన్ని తిరగేసి, నష్టం మీరు భరిస్తారని రాసిన ముసాయిదాలు కూడా ఉంటాయి, ఆ పేరా సంతకానికి ముందు వకీలుకు చూపించండి. "ఇందులోని పాత్రలు కల్పితం" అన్న ప్రకటన మిమ్మల్ని కాపాడుతుందని అనుకోవద్దు. ఒకవైపు నిజంగా జరిగిందని అమ్ముతూ ఇంకోవైపు కల్పితమంటే అది నిలవదు.

ప్రసారమయ్యాక ఎవరైనా ముక్క కోసి మీ మొహంతో తప్పుగా తిప్పితే, ముందు లింకు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. కాపీరైటు నిర్మాతది కాబట్టి తీసేయమని వాళ్ల చేత అడిగించడం త్వరగా పనిచేస్తుంది. ఆ పని వాళ్లే చేయాలని ముందే అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించి ఉంచండి.